పనస తొనల్ని ఫ్రీజ్ డ్రై చేయడం ఎలా: మంచుకి వేడి పెట్టే పని

ఫ్రీజ్ డ్రై అంటే సరుకుని గడ్డకట్టించి, ఆ మంచుని కరగనివ్వకుండా నేరుగా ఆవిరిగా పంపేయడం. తొనల్ని గడ్డకట్టించి, గాలి లాగేసే వాక్యూమ్ పంప్ ఆన్ చేస్తే చాలు, మర్నాటికి కరకరలాడే ముక్కలు బయటికొస్తాయనుకుని మొదలుపెట్టాను. మొదటి విడత తలుపు తీస్తే ట్రేల మీద తేనె రంగు నురగ గట్టిగా అంటుకుని కనిపించింది. అట్లకాడతో గీకినా రాలేదు. ట్రేలు వేడినీళ్ళలో నానేసి కడుక్కోవడానికే ఒక పూట పట్టింది. తప్పు యంత్రానిది కాదు, నాదే. చలి గురించి అంత ఆలోచించినవాణ్ణి వేడి సంగతి మరచిపోయాను. గడ్డకట్టించడం ఎవరికైనా వచ్చు. గడ్డకట్టినదానికి కరక్కుండా వేడి అందించడం దగ్గరే తిప్పలన్నీ మొదలవుతాయి.

కాబట్టి యంత్రం కొనే ముందు, లేదా ఎవరి యూనిట్‌లోనైనా మీ సరుకు ఆరబెట్టించే ముందు, లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. అది తెలిస్తే మీటలు ఎప్పుడు ఎటు తిప్పాలో మీకే తెలుస్తుంది.

ముందు మీ ఫ్రిజ్‌లోనే చూడండి

దేవుడి గదిలో కర్పూరం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే బిళ్ళలు అరిగిపోతాయి. బీరువాలో వేసిన కలరా ఉండలు ఏడాది తిరిగేసరికి శనగగింజంత అవుతాయి. బట్టల మీద తడి మరక ఉండదు. ఘనం ద్రవం కాకుండా నేరుగా ఆవిరైపోవడాన్ని బడి పుస్తకాల్లో ఉత్పతనం అని చదువుకున్నాం. మంచుగడ్డా అదే పని చేస్తుంది, కాకపోతే చాలా నెమ్మదిగా.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ ఉంటే ఐస్ ట్రేని మూత లేకుండా ఫ్రీజర్‌లో పెట్టి, వారానికోసారి వంటింటి కాటా మీద తూకం వేయండి. బరువు తగ్గుతూ వస్తుంది. ముక్కలు మూలలు అరిగి గుండ్రంగా మారతాయి. తర్వాత కాగితంలా పల్చగా కోసిన తొన ముక్కల్ని స్టీలు జల్లెడ మీద పరిచి అలాగే వదిలేయండి. కొన్ని వారాల్లో అంచులు తెల్లబడి బెండులా తేలికవుతాయి. ఫ్రీజర్‌లో మరచిపోయిన మాంసం మీద కనిపించే ఎండు మచ్చలు కూడా ఇవే.

ఇక్కడ ఒక అపోహ పోవాలి. ఉత్పతనానికి వాక్యూమ్ తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. మీ ఫ్రిజ్‌లో ఉన్నది మామూలు గాలి ఒత్తిడే, అయినా మంచు ఆవిరవుతోంది. మంచు పట్టించుకునేది మొత్తం గాలి ఒత్తిడిని కాదు, ఆ గాలిలో నీటి ఆవిరి వాటా ఎంతన్నదే. గాలి పొడిగా ఉంటే చాలు, మంచు నుంచి అణువులు లేచిపోతూనే ఉంటాయి. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద రాత్రి చలికి బంగాళాదుంపల్ని గడ్డకట్టించి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి చూన్యో చేస్తారు. ఇన్కాల సామ్రాజ్యపు రోజుల నుంచీ ఉన్న పద్ధతి అది. అక్కడ నీరు చాలావరకు తొక్కుడుకే పోతుంది కాబట్టి దాన్ని పూర్తి ఫ్రీజ్ డ్రైయింగ్ అనడానికి నాకు మనసొప్పదు గానీ, చలి, పొడిగాలి కలిస్తే ఏం జరుగుతుందో ఆ కొండవాళ్ళు మనకంటే ఎంతో ముందే కనిపెట్టారు.

మరి వాక్యూమ్ ఎందుకంటే, తొందర కోసం. మామూలు గాలిలో పైకి లేచిన నీటి అణువు అడుగడుగునా గాలి అణువుల్ని గుద్దుకుంటూ, సంతలో తప్పిపోయిన పిల్లాడిలా అక్కడే తిరుగుతుంది. గాలి తీసేస్తే దారి ఖాళీ. వారాల పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది.

గుర్తుంచుకోవాల్సిన కొన్ని అంకెలు

ప్రెషర్ కుక్కర్ మీకు తెలుసు. ఒత్తిడి పెంచితే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు, 120 దాకా పోతాయి. ఇప్పుడు దాన్ని తిరగేయండి. ఒత్తిడి తగ్గించే కొద్దీ నీళ్ళు ఇంకా తక్కువ వేడికే మరుగుతాయి. అలా తగ్గిస్తూ పోతే సుమారు 611 పాస్కల్స్ దగ్గర (మామూలు గాలి ఒత్తిడిలో 165వ వంతు) నీరు 0.01 డిగ్రీ సెల్సియస్ వద్దే మరుగుతుంది, అక్కడే గడ్డకడుతుంది కూడా. దీన్నే త్రిక బిందువు అంటారు. ఛాంబర్‌లో ఒత్తిడి ఇంతకంటే తక్కువగా ఉన్నంతసేపూ శుద్ధమైన నీటికి ద్రవంగా నిలిచే చోటు లేదు. ఉంటే మంచు, లేకుంటే ఆవిరి.

ఇక మంచుకు సొంతంగా ఉండే బాష్ప పీడనం, అంటే దాని నుంచి లేచే ఆవిరి తోపు. సున్నా డిగ్రీల వద్ద 611 పాస్కల్స్, మైనస్ 10 వద్ద 260, మైనస్ 20 వద్ద 103, మైనస్ 30 వద్ద 38, మైనస్ 50 వద్ద దాదాపు 4. ఈ వరుసని ఒక కాగితం మీద రాసి యంత్రం పక్కన గోడకి అంటించుకోండి. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఆవిరికి పల్లమంటే తక్కువ పీడనం. మైనస్ 20లో ఉన్న తొన దగ్గర 103, మైనస్ 50లో ఉన్న కండెన్సర్ (ఆవిరిని మళ్ళీ మంచుగా పట్టే చల్లటి గొట్టాలు) దగ్గర 4. ఆ వాలు మీదే ఆవిరి ఇటు నుంచి అటు జారుతుంది.

ఇక నేను మరచిపోయిన అంకె. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి. సున్నా డిగ్రీల నీరు ఆవిరి కావడానికి మరో 2,501. మంచు నేరుగా ఆవిరైతే మధ్య మెట్టు దాటేసినట్టే ఉంటుంది గానీ బిల్లు మాత్రం రెండూ కలిపి కట్టాలి: సుమారు 2,835 కిలోజౌళ్ళు. ఈ వేడి బయటి నుంచి మనం ఇవ్వకపోతే మంచు తన ఒంట్లోంచే తీసుకుంటుంది. అంటే ఇంకా చల్లబడుతుంది, బాష్ప పీడనం పడిపోతుంది, ఆరడం నత్తనడక అవుతుంది. ఎక్కువ ఇస్తే కరుగుతుంది. పోయే ఆవిరికి సరిపడా మాత్రమే ఇవ్వాలి.

ఏమేం కావాలి

ఛాంబర్, వేడిచేసే షెల్ఫులు, కండెన్సర్, దాన్ని చల్లబరిచే కంప్రెసర్, ఆయిల్ వాక్యూమ్ పంప్, ప్రెషర్ గేజ్, తొనలో గుచ్చే టెంపరేచర్ ప్రోబ్. వీటిలో కొత్తవాళ్ళు చిన్నచూపు చూసేది కండెన్సర్‌ని. పంప్ ఉందిగా, ఆవిరిని అదే లాగేయదా అనుకుంటారు. లెక్క వేయండి: 10 పాస్కల్స్ దగ్గర ఒక్క గ్రాము మంచు ఆవిరైతే అది ఆక్రమించే చోటు 11 ఘనపు మీటర్ల పైనే, అంటే ఒక చిన్న గది. కిలో తొనల్లో అలాంటి గ్రాములు 700కి పైగా ఉంటాయి. ఇంత ఆవిరిని లాగే పంప్ మీ ఇంట్లో పట్టదు. అందుకే ఆవిరిని దారిలోనే చల్లటి గొట్టాల మీద మళ్ళీ మంచుగా పట్టేస్తాం. పంప్ పని గాలిని తీయడమే. ఆవిరిని లాగే పంప్ నిజానికి కండెన్సరే.

ఇంట్లో గాజు సీసాతోనో స్టీలు డబ్బాతోనో సొంతంగా ఛాంబర్ చేద్దామనే ఆలోచన ఉంటే ఇక్కడే ఆపేయండి. లోపల గాలి తీసేస్తే బయటి గాలి చదరపు సెంటీమీటరుకి సుమారు కిలో బరువుతో నొక్కుతుంది. 30 సెంటీమీటర్ల గుండ్రటి తలుపు మీద అది ఏడు క్వింటాళ్ళు. గాజు పగిలితే లోపలికి పేలుతుంది, ముక్కలు అన్ని వైపులకీ చిమ్ముతాయి.

యంత్రాన్ని ఎక్కడ పెడతారన్నది కూడా తేలిగ్గా తీసుకోకండి. మే నెలలో రేకుల షెడ్డులో కంప్రెసర్ తన వేడిని బయటికి తోయలేక ఆయాసపడుతుంది. కండెన్సర్ మైనస్ 50కి బదులు మైనస్ 35 దగ్గర ఆగిపోతే పైన చెప్పిన వాలు తగ్గిపోయినట్టే. ఏసీ గది లేకపోతే వేసవిలో రాత్రిపూట మొదలుపెట్టడం మేలు.

మొదటి మెట్టు: కోత

పూర్తిగా పండినా గట్టిగా ఉండే తొనలు ఎంచుకోండి. జారుడుగా మెత్తబడినవి వద్దు. బంక అంటకుండా చేతికి, కత్తికి నూనె రాసుకోవడం మనకి అలవాటే. కానీ తొన మీద నూనె పొర మిగిలితే ఆవిరి దారికి అడ్డం. కాబట్టి కాయ చీల్చేటప్పుడు నూనె చేతులు, తొనలు కోసేటప్పుడు కడిగిన చేతులు. గింజ తీసి నిలువుగా సెంటీమీటరు మించని మందంతో కోయండి. మందం మీద పిసినారితనం పనికిరాదు. పైపొర ముందు ఆరిపోయి, లోపలి మంచు నుంచి వచ్చే ఆవిరి ఆ పొడి పొరలోంచి దూరి రావాలి. అందుకని మందం రెట్టింపైతే సమయం రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్ల దాకా పోవచ్చు.

ట్రేలో ఒకే వరుస పరవండి. ఖాళీ ట్రే బరువు, నిండిన ట్రే బరువు రెండూ రాసుకోండి. తర్వాత ఈ అంకెలే మీకు దిక్కు.

రెండో మెట్టు: గడ్డకట్టించడం

నీరు గడ్డకట్టేటప్పుడు చక్కెరని తనలో చేర్చుకోదు, పక్కకి తోసేస్తుంది. మంచు పెరిగే కొద్దీ మిగిలిన రసం పాకంలా చిక్కబడుతుంది. ఆ పాకం గట్టిపడి గాజులా బిగుసుకోవాలంటే చాలా చలి కావాలి. ఉత్త పంచదార పాకానికి సుమారు మైనస్ 32, గ్లూకోజ్‌కి మైనస్ 43. మామూలు డీప్ ఫ్రీజర్ మైనస్ 18, 20 దగ్గర ఆగుతుంది. తొన రాయిలా కనిపిస్తుంది గానీ లోపల పాకం ఇంకా కదులుతూనే ఉంటుంది. నా తేనె రంగు నురగ అక్కడి నుంచే వచ్చింది. మంచు పోయాక ఖాళీ అయిన గదుల గోడల్ని ఆ పాకమే నిలబెట్టాలి. అది మెత్తగా ఉంటే గోడలు కూలిపోతాయి.

అందుకని డీప్ ఫ్రీజర్‌లో ఒక రాత్రంతా ఉంచి, తర్వాత యంత్రంలో షెల్ఫులని మైనస్ 35, 40కి దించి ఇంకో నాలుగైదు గంటలు పట్టించండి. తొనలకి పీచు గోడలు ఉంటాయి కాబట్టి కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకుంటాయి. మామిడి గుజ్జుకి ఆ ఆసరా లేదు. అందుకే గుజ్జులూ రసాలూ చేసేవాళ్ళు మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి పిండి పదార్థం కలుపుతారు.

ఇంతకీ ఈ తంటా అంతా దేనికంటే, మన ఒరుగుల్ని చూడండి. ఎండలో వేసిన వంకాయ ముక్కలోంచి నీరు ద్రవంగా పోతుంది. పోతూ పోతూ కణాల గోడల్ని లోపలికి లాక్కుంటుంది, ముక్క ముడుచుకుపోతుంది. మంచుగా బిగిసి ఉన్నప్పుడు నీరు పోతే లాగేవాళ్ళు లేరు. తొన తొనలాగే ఉంటుంది, లోపల మాత్రం బొరియలు.

మూడో మెట్టు: వాక్యూమ్, వేడి

ముందు కండెన్సర్‌ని మైనస్ 45 కిందికి రానివ్వండి. ఆ తర్వాతే పంప్. వరుస తప్పితే ఆవిరి నేరుగా పంపులోకి పోయి, ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. అలా తెల్లబడితే వెంటనే మార్చేయండి. తలుపు రబ్బరు మీద వెంట్రుకంత చెత్త ఉన్నా ఒత్తిడి దిగదు. ప్రతిసారీ తడిబట్టతో తుడిచి, ఆరనిచ్చి మూయండి.

ఒత్తిడి ఎంత తక్కువైతే అంత మంచిదనుకోవడం రెండో అపోహ. షెల్ఫుకీ ట్రేకీ, ట్రేకీ తొనకీ మధ్య సన్నని సందులుంటాయి. ఆ సందుల్లో వేడిని మోసేది అక్కడ మిగిలిన కాస్త ఆవిరే. దాన్నీ పూర్తిగా ఊడ్చేస్తే వేడి అందక పని మందగిస్తుంది. నేను పాటించే లెక్క ఇది: తొనని ఏ చలిలో ఉంచాలనుకుంటున్నామో అక్కడి మంచు బాష్ప పీడనంలో నాలుగో వంతు దగ్గర ఛాంబర్ ఒత్తిడి ఉంచాలి. మైనస్ 30 అనుకుంటే 10 పాస్కల్స్, మైనస్ 20 అనుకుంటే 25.

ఇప్పుడు వేడి. ప్రోబ్‌ని అన్నిటికంటే మందమైన ముక్కలోకి, గడ్డకట్టించే ముందే గుచ్చి ఉంచాలి. షెల్ఫుని మెల్లగా పైకి తీసుకురండి: ముందు సున్నా, కొన్ని గంటల తర్వాత 20, ఆ తర్వాత 40. షెల్ఫు 20 డిగ్రీల్లో ఉన్నా ప్రోబ్ మైనస్ 25 చూపిస్తుంటే కంగారు పడకండి. ఇచ్చిన వేడినంతా ఆవిరి పట్టుకుపోతోందన్నమాట, అంతా సవ్యంగా ఉందన్నమాట. ప్రోబ్ అంకె పైకి పాకుతుంటే వేడి తగ్గించాలి. తలుపు అద్దంలోంచి బుడగలు కనబడితే, గేజ్ ఒక్కసారి ఎగిరితే, ఎక్కడో కరుగుతోందని అర్థం. వెంటనే హీటర్ ఆపేయండి.

కరెంటు పోతే? నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. కండెన్సర్ మీద పట్టిన మంచు వేడెక్కడం మొదలవుతుంది, వాలు తిరగబడుతుంది, ఛాంబర్ ఒత్తిడి 611 వైపు పరుగెత్తుతుంది. పంప్ ఆయిల్ ఛాంబర్‌లోకి ఎదురెక్కే ప్రమాదం కూడా ఉంది. ముందు పంప్ వాల్వ్ మూసేయాలి, తలుపు మాత్రం తెరవకూడదు. కంప్రెసర్‌ని మోసే జనరేటర్ లేకుండా 30 గంటల పనికి దిగొద్దనే చెబుతాను.

ఖర్చు సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. నాలుగు కిలోల తొనల్లో దాదాపు 2.9 కిలోల నీరుంటుంది. దాన్ని ఆవిరి చేయడానికి కావాల్సిన వేడి 2.3 యూనిట్లే. కానీ యంత్రం సగటున ఒక కిలోవాట్ చొప్పున 30 గంటలు తిరిగితే బిల్లు 30 యూనిట్లు. మిగతాదంతా చలికీ పంపుకీ పోయింది. ఫ్రీజ్ డ్రై సరుకు ధర చూసి గుండె ఆగినంత పనవడానికి కారణం ఇదే.

నాలుగో మెట్టు: చివరి చెమ్మ

మంచంతా పోయాక కూడా ముక్క పూర్తిగా ఆరినట్టు కాదు. గడ్డకట్టకుండా చక్కెరనీ పీచునీ పట్టుకుని వేలాడే నీరు కొంత ఉంటుంది. దాన్ని వదిలించడానికి షెల్ఫుని 45, 50 దాకా తీసుకెళ్ళి నాలుగైదు గంటలు ఉంచండి. అంతకు మించితే రంగు మారి, కాల్చిన వాసన వస్తుంది.

అయిపోయిందని ఎలా తెలుసుకోవాలి? ముక్క విరిచి నాలుక మీద పెట్టండి. చల్లగా తగిలితే మధ్యలో ఇంకా మంచుంది. ఇంకొంచెం పద్ధతిగా కావాలంటే కండెన్సర్ వైపు వాల్వ్‌ని అర నిమిషం మూసి గేజ్ చూడండి. ఒత్తిడి గబగబా పెరిగితే ఇంకా ఆవిరి వస్తున్నట్టే. అన్నిటికంటే నమ్మకమైనది తూకం. వంద గ్రాముల తొనలో 73 గ్రాములు నీరనుకుంటే కిలోకి సారం 270 గ్రాములు. మూడు శాతం చెమ్మ మిగలాలంటే చివరి బరువు 278 గ్రాములు రావాలి. 300 వస్తే లోపల పెట్టి మళ్ళీ నడపండి.

తలుపు తీయడం, ప్యాకింగ్

చల్లగా ఉన్న ముక్కల మీద గాలి పడితే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు చెమ్మ పడుతుంది. రెండు రోజుల కష్టం రెండు నిమిషాల్లో పోతుంది. తొనలు గది కంటే కాస్త వెచ్చగా, 35 దాటాకే వాక్యూమ్ వదలండి. వానాకాలంలో కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళో అయితే ఏసీ వేసిన గదిలో, కవర్లన్నీ ముందే విప్పి పెట్టుకుని, ఇద్దరు కూర్చుని గబగబా నింపాల్సిందే. ఒంటినిండా బొరియలున్న ముక్క గాలిలోని తేమని స్పాంజిలా పీల్చేస్తుంది. మామూలు ప్లాస్టిక్ కవరు ఆగదు, అల్యూమినియం పొర ఉన్న కవరే వాడాలి. ఆక్సిజన్ పీల్చే పొట్లం ఒకటి వేసి సీల్ చేయండి. లేకపోతే రంగు, వాసన నెలల్లో వెలిసిపోతాయి.

ఒక జాగ్రత్త. ఇందులో సూక్ష్మజీవులన్నీ చావవు, చాలావరకు నిద్రపోతాయి అంతే. పెరుగుని ఫ్రీజ్ డ్రై చేస్తే ఆ పొడితో మళ్ళీ తోడు వేయొచ్చు. చండీగఢ్‌లో సూక్ష్మజీవుల్ని భద్రపరిచే ఎంటీసీసీ అనే సంస్థ, పరిశోధనశాలలకి బ్యాక్టీరియాని పంపేది ఇలా ఎండబెట్టిన పొడిగానే. బీసీజీ టీకా కూడా పొడిగా వచ్చి, ఆసుపత్రిలో సెలైన్ కలిపాకే సూదిలోకి ఎక్కుతుంది. మంచి క్రిమి బతికితే చెడ్డదీ బతుకుతుంది కాబట్టి కోసే బల్ల శుభ్రం మీ బాధ్యత. పచ్చి మాంసం ఆరబెడితే, తినే ముందు వండాల్సిందే.

ఆవకాయని ఇలా చేసి అమెరికా పంపొచ్చా అని ఒకరు అడిగారు. కుదరదు. నూనె ఉత్పతనం చెందదు, ఉన్నచోటే ఉంటుంది. పైగా ఉప్పునీరు పూర్తిగా గడ్డకట్టాలంటే మైనస్ 21 కిందికి పోవాలి. తేనె, నెయ్యి, జామ్‌ల కథా ఇంతే. సీతాఫలం, సపోటా, ఉడికించిన పప్పు, సాంబారు మాత్రం బాగా వస్తాయి.

పనస తొనల్ని మాత్రం నీళ్ళలో నానబెట్టి తినాలని చూడకండి. మంచు స్ఫటికాలు పెరిగేటప్పుడే కణాల గోడల్ని చీల్చేశాయి, నీరు తిరిగి చేరినా పాత బిగువు రాదు, మెత్తగా నలిగిపోతుంది. కవరు అడుగున మిగిలిన పొడిని పారేయకుండా పాయసంలో, పొయ్యి దించాక కలపండి.